చట్రములును చిరునామాలును

బ్రాడీపేటలో చోటు వెదకుట కష్టము కాదు. 4/14 అన్నచో నాలుగవ లైను, పదునాలుగవ అడ్డరోడ్డు. రెండంకెలు తెలిసినచో క్రొత్తవాడును ఆ కూడలిని చేరగలడు. వెబ్‌సైటులోని ప్రతి పుటకును ఇట్టి చిరునామా యుండును. ఒకప్పుడొక నూతన పద్ధతి దానిని మరుగుపఱచినది. అందుపై జరిగిన వివాదమే నేటి ప్రసంగ విషయము.

1996లో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరు రెండవ కూర్పును విడుదల చేసినది. ఫ్రేములు, అనగా చట్రములు, అందులో వచ్చినవి. తెరను భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమున వేఱొక పుటను నిలుపుట ఈ పద్ధతి. ఎడమవైపు విషయసూచిక కదలక యుండును. అందలి పేరును నొక్కినచో కుడివైపు పుట మాత్రమే మారును. టెలిఫోను తీగపై సెకనుకు 28,800 బిట్లు వచ్చుటయే ఘనమైన ఆ దినములలో, సూచికను మాటిమాటికి తెప్పించుకొనకుండుట గొప్ప లాభము. కనుకనే నిర్మాతలు దీని నాదరించిరి.

ఆక్షేపణ పాఠకుల పక్షమున బయలుదేరినది. లోపలి పుట మారినను పైనున్న చిరునామా మారదు. మెచ్చిన పుటను గుర్తుంచుకొని మఱునాడు తెఱచినచో మొదటి పుటయే వచ్చును. మిత్రునకు చిరునామా పంపినను అంతే. వెదకు యంత్రము ద్వారా వచ్చినవానికి సూచిక లేని యొంటి పుట ఎదురగును. 1996 డిసెంబరులో జేకబ్ నీల్సన్ ఈ దోషములను వివరించి, సాధారణముగా చట్రములు వలదని వ్రాసెను.

1997 ఫిబ్రవరిలో వివాదము న్యాయస్థానమున కెక్కినది. టోటల్ న్యూస్ అను వెబ్‌సైటు పరుల వార్తాపుటలను తన చట్రమున బిగించి, ప్రక్కన తన ప్రకటనలు చూపుచుండెను. వాషింగ్టన్ పోస్ట్, సి.ఎన్.ఎన్., రాయిటర్స్ మొదలగు సంస్థలు న్యూయార్కులో దావా వేసినవి. ఆ జూనులోనే రాజీ కుదిరినది: లంకె వేయవచ్చును, చట్రమున బిగింపరాదు. తీర్పు వెలువడనందున న్యాయసమస్య మాత్రము తేలలేదు.

1997 డిసెంబరు నాటి హెచ్.టి.ఎమ్.ఎల్. 4.0 ప్రమాణము చట్రములకు చోటిచ్చినది. 2014లో ఖాయమైన అయిదవ కూర్పు వానిని త్రోసిపుచ్చినది. అప్పటికి సూచికను నిలుపుటకు స్టైల్‌షీటులు మొదలగు ఉపాయములు వచ్చియుండెను. ఐఫ్రేము మాత్రము మిగిలి, పటములను, వీడియోలను పుటలో పొదుగుటకు నేటికిని ఉపయోగపడుచున్నది.

చట్రములు వేగమిచ్చిన మాట నిజము. ఆ వేగమునకు చెల్లించిన మూల్యము చిరునామా. లైను నెంబరును, అడ్డరోడ్డు నెంబరును తుడిచివైచి పేట పేరు మాత్రమే మిగిల్చినచో, బ్రాడీపేటలో టపా జవాను ఏమి చేయగలడు? వ్రాసినవాని పేరును, చదువరి దారియు చిరునామా వలననే నిలుచును.