అతుకు నుంచి మార్పిడికి: మెట్ట ప్రాంతపు పాతకార్ల రేకుపని – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మన దేశంలో మోటారు వాహనాల చరిత్ర ఎక్కువగా తయారీదారుల వైపు నుంచే నమోదైంది. తుప్పుపట్టిన రేకును కోసి, అతుకువేసి, కారు ఆయుష్షును పెంచిన పనివారి చరిత్రకు అందులో చోటు తక్కువ. రేకును బాగుచేసే పద్ధతి నుంచి పూర్తి ప్యానెల్‌ను మార్చే పద్ధతికి జరిగిన పరిణామాన్ని ఈ వ్యాసం వాతావరణం, వృత్తి పదజాలం, పారిశ్రామిక విధానం, బీమా నిబంధనల ఆధారంగా పరిశీలిస్తుంది. గార్లదిన్నె పరిసరాల మెట్ట ప్రాంతం దీనికి నేపథ్యం.

కీలకపదాలు: తుప్పు, రేకుపని, టింకరింగ్, మాటు, ప్యానెల్, అనంతపురం జిల్లా.

1. ఉపోద్ఘాతం

గార్లదిన్నె అనంతపురం, గుత్తి పట్టణాల మధ్య 44వ జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. ఈ జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇంత పొడి నేలలో కారుకు తుప్పు పట్టడమేమిటన్న సందేహం సహజం. ఇనుము తుప్పుపట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉప్పు ఆ చర్యను వేగవంతం చేస్తుంది. అందువల్ల విశాఖపట్నం వంటి తీర నగరాల కన్నా ఇక్కడ కారు పైకప్పు, బానెట్ ఎక్కువ కాలం నిలుస్తాయి.

అయితే మెట్ట ప్రాంతపు తుప్పు కనిపించని చోట మొదలవుతుంది. మట్టిరోడ్ల దుమ్ము మడ్‌గార్డుల లోపల, తలుపుల అడుగున పేరుకుని, నీరు కారిపోవలసిన రంధ్రాలను మూసివేస్తుంది. ఒక్క వాన కురిసినా, ఉప్పదనం ఉన్న బోరునీటితో కారు కడిగినా, ఆ దుమ్ము తేమను రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. కంకరరాళ్లు అడుగు రేకుపై రంగును చెక్కేస్తాయి. ఎండ పైరంగును పెళుసుబారుస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రంగు పొక్కులాగా ఉబ్బుతుంది. ఆ పొక్కు కంటపడే సరికి రేకు లోపలి నుంచి చాలావరకు తినివేయబడి ఉంటుంది.

2. వృత్తి పదజాలం: మాటు, కళాయి, టింకరింగ్

కారు రేకుపనిని తెలుగునాట 'టింకరింగ్' అంటారు. ఆంగ్లంలో 'టింకర్' మొదట ఊరూరా తిరిగి పాత్రలు బాగుచేసేవాడు. మన వీధుల్లో బిందెలకు మాట్లు వేసినవారు, ఇత్తడి పాత్రలకు కళాయి పూసినవారు సరిగ్గా ఆ పనే చేశారు. చిల్లిపడిన చోట రేకుముక్క పెట్టి మూయడం 'మాటు'. లోహాన్ని మరో లోహపు పూతతో కాపాడడం 'కళాయి'. పాతకారు మరమ్మతులోని రెండు మూలసూత్రాలూ ఇవే. కమ్మరి కొలిమి వద్ద వినిపించే సుత్తి, దాకలి, పట్టకారు అనే మాటల పక్కన గ్యాస్ వెల్డింగ్, ప్రైమర్, పుట్టీ అనేవి వచ్చి చేరాయి. పనిముట్ల పేర్లు మారినా పని తర్కం మారలేదు.

3. కొరత కాలం

హిందూస్థాన్ మోటార్స్ 1942లో, ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో ఏర్పడ్డాయి. లైసెన్సుల విధానంలో ఉత్పత్తి పరిమితం, దిగుమతులు కఠినం, కొత్త కారు కోసం కొనుగోలుదారులు ఏళ్ల తరబడి వేచి ఉండేవారు. కొత్తది దొరకనప్పుడు ఉన్నదాన్ని నిలుపుకోవడం తప్పనిసరి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా రూపొందిన అంబాసిడర్ 1950ల చివర నుంచి 2014 వరకు పెద్దగా రూపం మారకుండా తయారైంది. ఆధునికత లోపించిందని విమర్శకులు దీన్ని తప్పుపట్టారు. మరమ్మతుదారుకు మాత్రం ఇదే వరమైంది: ఒక కాలపు కారు నుంచి విప్పిన తలుపును మరో కాలపు కారుకు కొద్దిపాటి సవరణతో బిగించవచ్చు. విజయవాడ ఆటోనగర్ వంటి కేంద్రాలలో పాత విడిభాగాల వ్యాపారం పెరగడానికి ఇటువంటి స్థిరత్వం తోడ్పడింది.

4. అతుకు, మార్పు: సాంకేతిక వివేచన

మంచి అతుకుకు క్రమం ఉంది. తుప్పును మెరిసే లోహం తేలే దాకా గీకాలి. పలచబడిన అంచును దాటి, గట్టి రేకు వచ్చే వరకు కోయాలి. అదే మందం గల ముక్కను చుక్కలు చుక్కలుగా, మధ్యమధ్య చల్లార్చుతూ వెల్డింగ్ చేయాలి. ఒకేసారి వేడిచేస్తే రేకు మెలిపడుతుంది. వెల్డింగ్ వేడికి వెనుకవైపు పూత కాలిపోతుంది కనుక లోపల మళ్లీ ప్రైమర్ వేయకపోతే తుప్పు తిరిగి అక్కడే పుడుతుంది. చిల్లిని కేవలం పుట్టీతో పూడ్చి రంగు వేయడం మరమ్మతు కాదు, మరుగుపరచడం.

ఈ భేదం కేవలం అందానికి సంబంధించింది కాదు. అంబాసిడర్ మొదలు నేటి కార్ల వరకు చాలావాటికి విడి చట్రం ఉండదు, శరీరమే చట్రం. మడ్‌గార్డు తుప్పుపడితే అందం పోతుంది. తలుపుల కింది పెట్టెభాగం, అడుగు రేకు తుప్పుపడితే ప్రమాదంలో ప్రయాణికుడి ప్రాణానికి రక్షణ పోతుంది. బోల్టులతో బిగించిన భాగాన్ని మార్చడం సులభం. శరీరంలో కలిసిపోయిన భాగాన్ని కోసి మార్చడానికి కొలతల జ్ఞానం కావాలి.

5. విధానాల ప్రభావం

1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు అవసరం తొలగిన తర్వాత నమూనాలు వేగంగా మారసాగాయి. జింకు పూత రేకులు వచ్చాయి. జింకు తాను క్షయిస్తూ ఇనుమును కాపాడుతుంది. అత్యధిక బలం గల ఉక్కును వేడిచేసి సరిదిద్దితే బలం కోల్పోతుంది కనుక తయారీదారులు మార్పిడినే సూచిస్తారు. ఇలా సుత్తి పని తగ్గి, బిగింపు పని పెరిగింది.

బీమా లెక్క మరో దిశలో పనిచేసింది. మోటారు టారిఫ్ ప్రకారం లోహభాగాలకు తరుగుదల 6 నెలల లోపు లేదు. 5 నుంచి 10 ఏళ్ల వాహనానికి 40 శాతం, 10 ఏళ్లు దాటితే 50 శాతం. అంటే పాతకారు ప్యానెల్ మార్పిడిలో సగం ధర యజమానిదే. పైగా తుప్పు సహజ క్షయం కనుక బీమా పరిధిలోకి రాదు. అందుకే కొత్త కారు మార్పిడికి, పాతకారు అతుకుకు పోతాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరగడంతో, అతుకువేసి కారును నిలుపుకోవడం మరింత ఖరీదైంది.

6. ముగింపు

2019లో నాటి అనంతపురం జిల్లాలోని పెనుకొండ వద్ద కియా కర్మాగారం కార్ల ఉత్పత్తి మొదలుపెట్టింది. యంత్రాలు రేకును అచ్చొత్తి, అతికి, రంగువేసే నేల మీదనే చేతితో రేకు సరిచేసే విద్య వెనుకబడుతున్నది. మొదటిదాని చరిత్రకు పత్రాలుంటాయి; రెండోది పనివారి చేతుల్లో, మాటల్లో మాత్రమే ఉన్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాన్ని 1962లో వ్యవసాయంతో ఆరంభించింది. ఆ బాటలో మోటారు రేకుపని పదజాలాన్ని, పనిక్రమంతో సహా, మండల స్థాయిలో సేకరించవలసి ఉంది. పాత పద్ధతులన్నింటినీ కీర్తించడం ఆ సేకరణ లక్ష్యం కారాదు. నిలిచే అతుకును, మోసపుచ్చే పుట్టీని వేరుచేసి చూపగలిగినప్పుడే అది చరిత్రకూ, రహదారి భద్రతకూ ఉపకరిస్తుంది.