కిటికీకి కర్ర ఎందుకు కరువైంది? పాచిపెంట నుంచి ఒక కలప కథ

ఈ ఎపిసోడ్ కిటికీల గురించి. అవును, ఇంటి కిటికీలు, తలుపుల గురించే. రీల్స్ చూస్తుంటే మధ్యలో ఒక ప్రకటన వస్తుంది కదా, పాత చెక్క కిటికీ పీకేసి తెల్లటి ప్లాస్టిక్ ఫ్రేము బిగించి ముందు ఇలా, తర్వాత ఇలా అని చూపిస్తారు. దాన్నే యూపీవీసీ అంటారు. అది మా పాచిపెంట దాకా వచ్చేసింది. మా ఇంట్లో కూడా కొన్నాళ్లుగా ఇదే చర్చ. ఆరు కిటికీలు, రెండు తలుపులు. మారుద్దామా, వద్దా?

లెక్క వేద్దామని కూర్చుంటే నాకు ధర కన్నా పెద్ద ప్రశ్న ఒకటి తగిలింది. చుట్టూ కొండలు, అడవి ఉన్న ఊరు మాది. అలాంటి ఊళ్లో కిటికీకి కర్ర దొరక్క ప్లాస్టిక్ దాకా ఎలా వచ్చాం?

మా ఊరు తెలియనివాళ్లకి ఒక్క మాట. పాచిపెంట సాలూరు పక్కన ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 దాకా విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. ఇక్కణ్నుంచి పి.కోనవలస ఘాట్ ఎక్కితే ఒడిశాలోకి వెళ్లిపోతాం. వేగావతి నది పుట్టేది మా కొండల్లోనే. కొండదొరలు, జాతాపులు, గదబలు ఉండే ప్రాంతం. ఒకప్పుడు జమీందారీ.

ముందు కొండ మీది ఇంటి దగ్గర మొదలుపెడదాం. పాతకాలం కొండ ఇంటికి మట్టి గోడలు, పైన గడ్డి. తలుపు అంటే చాలా ఇళ్లల్లో వెదురు తడకే. గుమ్మం ఎత్తు తక్కువ, వంగి లోపలికి వెళ్లాలి. కిటికీ దాదాపు ఉండదు, ఉంటే చిన్న కంత. చూసినవాళ్లు పాపం, గాలి వెలుతురు లేవు అంటారు. కానీ చలికాలంలో కొండ మీద ఒక రాత్రి పడుకుంటే ఆ ఇంటి లెక్క అర్థమవుతుంది. లోపల పొయ్యి వేడి బయటికి పోకూడదు, బయటి జంతువు లోపలికి రాకూడదు. పొయ్యి పొగకి గడ్డిలోని పురుగూ తగ్గుతుంది. తడక పాడైతే వారంలో ఇంకోటి అల్లుకుంటారు. వెదురు ఉంది, చెయ్యి ఉంది. కొనాల్సిందేమీ లేదు.

కింద ఊళ్లల్లో కథ వేరు. పెంకుటిల్లు, వీధి అరుగు, బరువైన ద్వారబంధం, రెండు రెక్కల తలుపు, ఇనుప ఊచల కిటికీ. ఈ కర్ర ఎక్కువగా కొండల నుంచే దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో సాల అడవి ఉన్నది మన ఉత్తరాంధ్ర కొండల్లోనే. సాల అంటే గుగ్గిలం చెట్టు. పూజలో నిప్పుల మీద వేసే గుగ్గిలం దాని బంకే. ఆ చెట్టు చేవ ఎంత గట్టిదంటే, మేకు దిగాలంటే వడ్రంగికి చెమట పట్టాల్సిందే. దాంతోపాటు వేగిస, మద్ది, టేకు. మా ఇంటి గుమ్మం కూడా సాల కర్రే. మా తాతయ్య నాన్నగారు చేయించారట.

ఇప్పుడు అసలు మలుపు. బ్రిటిష్ వాళ్లకి అడవి అంటే రైలు పట్టాల కింద వేసే స్లీపర్లు, ఓడలు, వంతెనలు. స్లీపర్లకి సాల, టేకు, దేవదారు కావాలి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవికి సర్కారు గీత గీసి రిజర్వు అని పేరు పెట్టింది. అందులో గొడ్డలి వెయ్యాలంటే అనుమతి కావాలి. జమీందారీ అడవిలో అయితే జమీందారు మాట చెల్లుతుంది. రెండు చోట్లా కొండవాడు అడగాల్సినవాడు అయిపోయాడు. నిన్నటిదాకా నాగలికీ, ఇంటి వాసానికీ తన చెట్టు తాను నరుక్కున్నవాడికి అదే పని నేరం అయింది.

దీని మీద కోపం ఊరికే పోలేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. మన్యం తిరుగుబాటు వెనక రోడ్డు పని వెట్టితోపాటు ఈ అడవి ఆంక్షలూ ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టంతో జమీందారీలు పోయాయి, వాటి అడవులు ప్రభుత్వానికి వెళ్లాయి. తాళం మారింది గానీ తాళంచెవి కొండవాడి చేతికి రాలేదు. 1960ల్లో పార్వతీపురం ఏజెన్సీలో గిరిజన సంఘం లేవనెత్తిన సమస్యల్లో షావుకార్ల అప్పులు, భూములు ఉన్నట్టే అటవీ సిబ్బంది వసూళ్లూ ఉన్నాయి. స్కూలు పుస్తకంలో దీన్ని రాజకీయ చరిత్రగా చదువుతాం. ఇది తలుపుల చరిత్ర కూడా.

మరి కింద ఊళ్లల్లో కలిగినవాళ్లు ఏం చేశారు? బర్మా టేకు తెప్పించుకున్నారు. ఇప్పటికీ పెద్దవాళ్లు ‘అది బర్మా టేకు తలుపు’ అని గర్వంగా అంటారు, వినే ఉంటారు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలమంది కూలీలు ఓడెక్కి రంగూన్ వెళ్లేవాళ్లు. అక్కడ మనవాళ్లని కోరంగీలు అని పిలిచేవారు. మనుషులు అటు, టేకు ఇటు. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది, 1942లో జపాన్ ఆక్రమించింది, మనవాళ్లు ప్రాణాలు చేత్తో పట్టుకుని నడిచి వెనక్కి వచ్చారు. తర్వాత బర్మా టేకు అనేది సామాన్యుడికి వినికిడి మాటే.

ఇక మన కాలానికి వద్దాం. 1993లో కేంద్ర ప్రజాపనుల శాఖ తన కట్టడాల్లో కలప వాడొద్దని నిర్ణయించింది. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, ఆమోదించిన ప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్టు కొట్టొద్దని దేశమంతటికీ ఆదేశించింది. అడవిని కాపాడటానికి అవి అవసరమైనవే, నేను కాదనను. ఫలితం మాత్రం ఇంటింటికీ తగిలింది. ప్రభుత్వ ఇళ్లకి సిమెంటు ద్వారబంధాలు, ఇనుప కిటికీలు వచ్చాయి. ప్లాస్టిక్ ముందుగా బాత్రూం తలుపు రూపంలో ఇంట్లో అడుగుపెట్టింది. గమనించారా? నీళ్లకి చెక్క ఉబ్బిపోతుందని అక్కడ పెట్టాం. అక్కణ్నుంచి అది హాలు దాకా వచ్చింది.

2006 అటవీ హక్కుల చట్టం కొండవాళ్లకి వెదురు మీద, చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది. కలప మాత్రం అందులో లేదు. అంటే చట్టం ప్రకారం తడక తిరిగొచ్చింది, తలుపు రాలేదు.

ఈ ప్లాస్టిక్ కిటికీ పుట్టింది 1950ల్లో జర్మనీలో. 1973 చమురు సంక్షోభం తర్వాత యూరప్‌లో ఇళ్లు వెచ్చగా ఉంచే ఖర్చు పెరిగింది, దాంతో దీనికి గిరాకీ వచ్చింది. ఫ్రేము లోపల గదులు గదులుగా ఖాళీ ఉంటుంది, వేడి బయటికి పోకుండా. బలం కోసం లోపల ఉక్కు పట్టీ. మూలలు కరిగించి అతికిస్తారు. యూపీవీసీలో ‘యూ’ అంటే మెత్తబరిచే రసాయనం కలపనిది అని అర్థం. బరువులో సగం పైన క్లోరిన్, అది వచ్చేది ఉప్పు నుంచి. మిగతాది చమురు, గ్యాస్ నుంచి. అంటే వాళ్లు చలికి చేసుకున్న వస్తువుని మనం ఎండకీ, వానకీ, దోమకీ వాడుతున్నాం.

దోమ మాట తేలిగ్గా తీసుకోకండి. మన్యంలో వానాకాలం అంటే మలేరియా కాలం. చెక్క కిటికీ వానకి ఉబ్బి మూసుకోదు, ఎండకి సందులు ఇస్తుంది. మెష్ రెక్కతో బిగుతుగా మూసుకునే కిటికీ ఇక్కడ షోకు కాదండీ, పడకగదిలో పిల్లలు ఉంటే అది మందుతో సమానం. పైగా చెదలు పట్టవు, రంగు వెయ్యక్కర్లేదు. ఇవన్నీ నిజమైన లాభాలే.

నష్టాలూ చెప్పాలి. పక్కకి జరిగే రెండు రెక్కల కిటికీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. కరెంటు పోయిన మే నెల మధ్యాహ్నం ఆ సగం గాలి విలువ తెలుస్తుంది. బయటికి తెరుచుకునే రకం అయితే మొత్తం తెరుచుకుంటుంది. ఊచలు ఉండవు కాబట్టి గ్రిల్ విడిగా పెట్టించాలి. పాడైతే ఊరి వడ్రంగి బాగుచెయ్యలేడు, కంపెనీ మనిషి రావాలి. కోసేసిన ముక్కల్ని పొయ్యిలో, చలిమంటలో అస్సలు వెయ్యొద్దు. ఆ పొగ విషం.

మా ఇంటికి కొలతలు తీసుకోవడానికి ఒకాయన వచ్చాడు. టేపు మడిచి, పాత కర్ర మేమే ఫ్రీగా తీసుకెళ్లిపోతామండీ అన్నాడు. మా మామ్మ అరుగు మీంచే అందుకుంది. ‘ఏట్రా, గుమ్మం పీకేత్తారేటి? పసుపు రాసిన గడపరా అది’ అని. నేను సాలూరు నుంచి ఒక పెద్ద వడ్రంగిని పిలిచాను. సాలూరు అంటే లారీల ఊరు, బాడీ కట్టే షెడ్లలో కర్ర చూసి చూసి చెయ్యి తిరిగినవాళ్లు ఉంటారు. ఆయన గుమ్మాన్ని ఉలితో కొంచెం గీకి చూశాడు. ‘బాబూ, పైనే నలుపు. సిత్రిక పడితే కొత్తదైపోద్ది. ఇలాటి సేవ కర్ర ఇప్పుడు డబ్బులిచ్చినా దొరకదు’ అన్నాడు. అప్పుడు నాకు ఆ ‘ఫ్రీ’ అన్న మాట అసలు ధర అర్థమైంది.

మేం తేల్చుకున్నది ఇది. కిటికీలు మారుస్తున్నాం, మెష్ ఉన్నవి, పూర్తిగా తెరుచుకునేవి. వీధి గుమ్మం, గడప, తలుపు కదలవు. పాత కిటికీ చెక్కలు వడ్రంగి దగ్గరికి వెళ్తాయి, పుస్తకాల అలమరాగా తిరిగొస్తాయి.

మీ ఇంట్లో ఏది మార్చాలో నేను చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను. పాత తలుపు లారీ ఎక్కే ముందు అది ఏ చెట్టో ఒకసారి కనుక్కోండి. ఆ చెట్టుని పెంచిన కొండ మీద ఉన్నవాళ్లకి ఈరోజు అలాంటి తలుపు చేసుకునే హక్కు లేదు. మన దగ్గర మిగిలింది ఆ ఆఖరి ముక్కే అయితే, దాన్ని తూకానికి అమ్మడం ఎంత నష్టమో ఆలోచించండి. మీ ఇంటి గుమ్మం ఏ కర్రదో, ఎవరు చేయించారో పెద్దవాళ్లని అడిగి కామెంట్‌లో రాయండి. అన్నీ చదువుతాను. ఉంటానండీ.