ఫ్లాంకర్ పరీక్ష

పక్కనున్న అక్షరాలు అసలు అక్షరాన్ని గుర్తించే వేగాన్ని ఎంత తగ్గిస్తాయో కొలిచే మనోవిజ్ఞాన ప్రయోగం. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్బరా ఎరిక్సెన్, చార్లెస్ ఎరిక్సెన్ దీన్ని 1974లో ప్రచురించారు.

ఇందులో పాల్గొనేవారు హెచ్ లేదా కె కనిపిస్తే మీటను ఒకవైపుకు, ఎస్ లేదా సి కనిపిస్తే రెండోవైపుకు నెట్టాలి. చూడాల్సిన అక్షరం ఎప్పుడూ ఒకేచోట వస్తుంది కాబట్టి వెతుక్కునే పని లేదు. అయినా హెచ్‌కు అటూ ఇటూ ఎస్‌లు ఉంటే జవాబు ఆలస్యమైంది. కెలు ఉంటే అంత ఆలస్యం కాలేదు. హెచ్, కె వేర్వేరు అక్షరాలే, కానీ రెండింటికీ మీట నెట్టాల్సిన వైపు ఒక్కటే. ప్రయోగంలోని అసలు విశేషం ఇక్కడే ఉంది: పట్టించుకోనక్కర్లేని అక్షరం కూడా తన జవాబును మెదడులో సిద్ధం చేస్తుంది, అది సరైన జవాబుతో పోటీపడుతుంది. అక్షరాల మధ్య ఎడం పెరిగేకొద్దీ ఆటంకం తగ్గింది. దృష్టికోణంలో సుమారు ఒక డిగ్రీ లోపల, అంటే చాచిన చేతి చిటికెనవేలి వెడల్పులో ఉన్నవాటిని వదిలేయడం మన వశంలో లేదు.

చూసే పని క్లిష్టమైతే ఈ ఆటంకం తగ్గుతుందని 1990లలో పరిశోధకురాలు నీలీ లావీ చూపారు. ధ్యాసంతా ఆ పనికే ఖర్చయి పక్కవాటికి మిగలదని ఆమె వివరణ. ఇది ఊహకు ఎదురుగా నడిచే, ఎంతో విలువైన ఫలితం.

తర్వాత బాణం గుర్తులతో, పిల్లల కోసం చేపల బొమ్మలతో కూడా ఈ పరీక్ష రూపొందింది. అయితే కంటికొసన కనిపించే అక్షరాలు కిక్కిరిసి ఉంటే వాటిని పోల్చుకోలేకపోవడం దీనికి భిన్నమైన విషయం; దాన్ని 1970లో పరిశోధకుడు హెర్మన్ బౌమా వివరించారు.