ధాత కరువులో ఒంగోలు క్రైస్తవులు: విశ్వాసం, ఆకలి, చరిత్ర వేసే ప్రశ్న

ఉపోద్ఘాతం

1876–78 నాటి మహా క్షామం గురించి గత పాఠాల్లో చదివారు. మన పెద్దలు దాన్ని 'ధాత కరువు' అన్నారు. తెలుగు సంవత్సరాల్లో ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ కరువు ముగిసే సమయంలో, 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు.

ఈ సంఘటనపై రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. వారు గంజి కోసం మతం మారారన్నది ఒకటి. అది దేవుడు చేసిన అద్భుతమన్నది రెండోది. ఈ రెండింటిలోనూ మారిన మనుషుల ప్రస్తావన చాలా తక్కువ. కష్టకాలంలో వారు తమ విశ్వాసాన్ని ఎలా నిలుపుకున్నారు, అందుకు ఏం చెల్లించారు అన్నదే ఈ పాఠంలో మనం పరిశీలించే విషయం.

కరువుకు ముందు

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగువారి మధ్య 1836లో పని ప్రారంభించింది. నెల్లూరు దాని కేంద్రమైంది. మొదటి ముప్పై ఏళ్లలో ఫలితం చాలా స్వల్పం. మిషన్‌ను మూసేయాలన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ఆ తర్వాత వచ్చిన మార్పుకు మూలం యర్రగుంట్ల పేరయ్య. ఆయన తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ల వ్యాపారి. క్రైస్తవ బోధ వినడానికి ముందే యోగ మార్గంలో సాధన చేసినవారు. 1866లో బాప్తిస్మం పొంది, తన బంధువుల ఊళ్లకు తానే తిరిగి బోధించారు. కొత్త మతం గ్రామాల్లోకి దొర నోటి ద్వారా కంటే ముందు బంధుత్వాల దారిలో, తోళ్ల వ్యాపారం నడిచే దారిలో వెళ్లిందని గమనించండి.

చేరినవారు పాటించాల్సిన నియమాలు ప్రధానంగా మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఇవి చూడటానికి చిన్నవే. అయితే ఆనాటి గ్రామ వ్యవస్థను ఒకసారి గుర్తు చేసుకోండి. మాదిగలు రైతుకు చెప్పులు, కపిలె బానలు కుట్టి ఇచ్చేవారు, జాతరల్లో డప్పు కొట్టేవారు. అందుకు ప్రతిఫలంగా కళ్లంలో 'మేర' ధాన్యం పొందేవారు. జాతరలో డప్పు కొట్టను, ఆదివారం పనికి రాను అనడమంటే తమ తిండిగింజల్ని తామే పణంగా పెట్టడం. ఊరి పెద్దలు దీన్ని ధిక్కారంగా చూశారు. పని ఇవ్వకపోవడం, అంగట్లో సరుకు అమ్మనివ్వకపోవడం, కొట్టడం, అబద్ధపు కేసులు పెట్టడం చాలాచోట్ల జరిగాయి. కొందరు వెనక్కి తగ్గారు, చాలామంది నిలబడ్డారు. కరువు రావడానికి ముందే ఒంగోలు సంఘ సభ్యుల సంఖ్య వేలకు చేరింది.

కరువు, కూలి

1876లో వర్షాలు విఫలమయ్యాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఆనకట్టల నీరు అందే కృష్ణా, గోదావరి డెల్టాల పరిస్థితి కొంత మెరుగు. ధాన్యం ధరలు పెరిగినా మార్కెట్‌లో జోక్యం చేసుకోకూడదన్నది వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వ విధానం. ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో సహాయ పనుల కూలిని కుదించారు. పురుషుడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై ఒక అణా. మట్టి తవ్వే మనిషికి ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించారు. కొన్ని నెలల తర్వాత కూలి పెంచారు. ఆలోగా ఎందరో చనిపోయారు.

మాదిగలకు ఈ దెబ్బ రెండు వైపుల నుంచి తగిలింది. పంట లేకపోతే మేర లేదు. పశువులు చచ్చిపోతే ఆ తర్వాత బానలు కుట్టించుకునే రైతూ ఉండడు.

కాలువ గట్టున

మద్రాసు నుంచి కృష్ణా డెల్టా వరకు తీరం వెంట సాగే కాలువను కలిపే పనిని ప్రభుత్వం కరువు సహాయ పనిగా చేపట్టింది. అప్పటి గవర్నర్ పేరు మీద అది బకింగ్‌హామ్ కాలువ అయింది. సర్వే పనిలో అనుభవమున్న క్లౌ అందులో మూడు మైళ్లకు పైబడిన భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకున్నారు. మాదిగ బోధకులు మేస్త్రీలుగా పనిచేశారు. ఇతర పనుల దగ్గర మేస్త్రీల తిట్లు, దెబ్బలు భరించలేకపోయినవారు ఇక్కడికి వచ్చారు. ఎక్కువమంది క్రైస్తవులు కారు. సాయంత్రం పని ఆగాక బోధకులు వారి మధ్య కూర్చుని మాట్లాడేవారు. ప్రయాసపడి భారం మోసేవారికి విశ్రాంతినిస్తానన్న మత్తయి సువార్తలోని పిలుపు వారి బోధలో తరచూ వచ్చేది. పగలంతా తట్టలతో మట్టి మోసినవారికి ఆ మాటకు వివరణ అక్కరలేదు.

ఈ దశలో క్లౌ ఒక నిర్ణయం తీసుకున్నారు. సహాయం అందుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకూడదని. సుమారు 15 నెలలు దానికి కట్టుబడ్డారు. అడిగినవారిని తిప్పి పంపారు.

వెల్లంపల్లి

1878లో వర్షాలు కురిశాయి, సహాయ పనులు తగ్గాయి. ఒంగోలులో మశూచి ఉండటంతో సమావేశం వెల్లంపల్లిలో జరిగింది. పిలవని జనం వేలాదిగా వచ్చారు. తమకు డబ్బు వద్దని, కాలువ పనిలో కష్టపడి బతికామని, బాప్తిస్మం మాత్రం కావాలని వారు పట్టుబట్టినట్లు క్లౌ రాశారు. బోధకులు ఊరూరి వారిని విడివిడిగా కూర్చోబెట్టి విచారించారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. 3వ తేదీన నదిలో నిలబడి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు. ఆ రోజు క్లౌ స్వయంగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

ఆధారాలను ఎలా తూచాలి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. గంజి కోసమే అయితే గంజి దొరికే రోజుల్లో చేరాలి. ఇక్కడ సహాయం జరిగినప్పుడు తలుపు మూసి ఉంది, సహాయం తగ్గాక తెరుచుకుంది. పైగా కరువుకు ముందే వేలమంది చేరారు. కాలక్రమాన్ని పట్టించుకుంటే 'గంజి క్రైస్తవులు' అన్న మాట నిలవదు.

అలాగని కరువుకూ ఈ మార్పుకూ సంబంధమే లేదనడం కూడా సరికాదు. ఆకలి రోజుల్లో ఎవరు మనల్ని మనుషులుగా చూశారన్న జ్ఞాపకం బలమైనది. ఆనాడు పాత గ్రామ బంధం వారిని ఆదుకోలేకపోయింది. కాలువ గట్టున తమ కులస్థుడే మేస్త్రీ, తమ కులస్థుడే గురువు. కృతజ్ఞత, ఆత్మగౌరవం, భక్తి ఒకే మనసులో కలిసి ఉండవచ్చు. వాటిలో ఒక్కదాన్నే అసలైన కారణంగా తేల్చాల్సిన అవసరం చరిత్ర విద్యార్థికి లేదు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. మన ఆధారాల్లో ఎక్కువ భాగం మిషనరీల రాతలే. మాదిగ పెద్దలు చెప్పిన కథలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో పుస్తకంగా తెచ్చారు. అవి కూడా ఆమె కలం ద్వారానే మనకు చేరాయి. చదివేటప్పుడు ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అని ప్రతిసారీ అడగండి.

ఆ తర్వాత

బాప్తిస్మంతో కష్టాలు తీరలేదు. భూమి రాలేదు, అంటరానితనం పోలేదు. వచ్చినవి బడి, అక్షరం, ప్రార్థన కోసం ఊరి చివర కట్టుకున్న ఒక పాక. వాటిని నిలుపుకోవడానికి తరాలు పట్టింది. స్వతంత్ర భారతంలో 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఆ హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవులైనవారు మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల 'సి' గ్రూపులో ఉన్నారు. అంటే విశ్వాసానికి వెల చెల్లించడం 1878తో ఆగలేదు.

విశ్వాసంతో ఓర్చుకోవడం అనగానే చేతులు ముడుచుకుని కూర్చోవడం మనకు గుర్తుకు రావచ్చు. ఒంగోలు మాదిగలు డప్పు కిందపెట్టారు, మేర వదులుకున్నారు, కాలువ తవ్వారు, తిప్పి పంపినా మళ్లీ వచ్చారు. వారి ఓర్పు ఈ పనుల్లో కనిపిస్తుంది. మీ ఊళ్లో పాత ప్రార్థనా మందిరం ఉంటే దాన్ని ఎవరు, ఏ సంవత్సరంలో, ఎవరి కష్టంతో కట్టారో పెద్దలను అడిగి రాసిపెట్టండి. పుస్తకాల్లో లేని చరిత్ర చాలా వరకు అక్కడే ఉంటుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. క్రైస్తవులైన మాదిగలు పాటించిన మూడు నియమాలు గ్రామ ఆర్థిక సంబంధాలను ఎలా ప్రభావితం చేశాయి?
2. కరువు కాలంలో బాప్తిస్మాలను నిలిపివేయడం చరిత్రకారులకు ఎందుకు ముఖ్యమైన ఆధారం?
3. మిషనరీ రచనలను ఆధారంగా వాడేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఏవి?