రహీం మాస్టారు పోయాక

1962 సెప్టెంబరు 4. జకార్తాలోని సెనయాన్ స్టేడియంలో ఫుట్‌బాల్ ఫైనల్. లక్షమంది జనం, దాదాపు అందరూ మనకు వ్యతిరేకమే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఆసియా క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టారని ఊరు ఊరంతా మండిపడుతోంది. మన రాయబార కార్యాలయం మీద దాడి కూడా చేశారు. మనవాళ్ళ కాలికి బంతి తగిలితే చాలు, గేలి. ఎదురుగా ఉన్నది మొదటి మ్యాచిలో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియా. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను కోచ్ ఫార్వర్డుగా దించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో స్వర్ణం మనదైంది.

ఆ కోచ్ హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. అప్పటికే క్యాన్సర్ ఆయన్ని లోపల్నుంచి తినేస్తోంది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న, 53 ఏళ్ళకే వెళ్ళిపోయారు. ఆయనతో పాటు ఏమేం పోయిందో తెలియడానికి మనకు చాలా ఏళ్ళు పట్టింది.

ఉస్మానియాలో చదువుకుంటూ కాలేజీ జట్టులో ఆడిన కుర్రాడాయన. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. ఫుట్‌బాల్‌నూ పాఠంలాగే నేర్పారు. డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక పోటీ, వాటం లేని కాలితోనే ఆడాలని మరో పోటీ పెట్టేవారు. బంతిని తన దగ్గర అట్టేపెట్టుకోవాలన్న ఆశ ముందు చావాలి, ఆ తర్వాతే జట్టు పుడుతుంది. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్‌బగాన్‌ను ఓడించి డ్యూరండ్ కప్పునూ తెచ్చింది. కలకత్తా వాళ్ళ అడ్డాలాంటి ఆటలో దక్కను కుర్రాళ్ళు రాజ్యమేలారు.

విస్సన్నపేటలో ఉండి ఇది రాస్తున్న నాకు ఇందులో మరీ ఇష్టమైన ముచ్చట ఒకటుంది. అప్పటి మా కృష్ణా జిల్లా, రహీం గారి హైదరాబాదు ఒకే రాష్ట్రమైంది 1956 నవంబరు 1న. సరిగ్గా నెలకి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరింది. అంతవరకు ఏ ఆసియా జట్టూ అక్కడిదాకా వెళ్ళలేదు. చివరికి నాలుగో స్థానం దక్కింది. పుట్టి నెలరోజులైన రాష్ట్రానికి అంతకన్నా గొప్ప బారసాల కానుక ఏముంటుంది? ఆ సంగతి మా బడిపుస్తకాల్లో లేకపోవడం నాకిప్పటికీ బాధే.

పతనం ఒక్క ఓటమితో రాలేదు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టిన రహీం శిష్యుడు తులసీదాస్ బలరాం 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. జకార్తాలో ఆడిన మరుసటి ఏడే, ముప్పై నిండకుండానే, ఊపిరితిత్తుల జబ్బు అతణ్ణి మైదానానికి దూరం చేసింది. గురువు, శిష్యుడు ఒకే ఏడాదిలో ఆటకు దూరమయ్యారు. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆరిపోయే ముందు దీపం వెలిగినట్టే. అటు తర్వాత ఆ ట్రోఫీ తెలుగు నేలకు తిరిగి రాలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో దేశానికీ మరో స్వర్ణం రాలేదు. రహీం పద్ధతిని రాసి పెట్టుకుని, నేర్చుకుని, కొనసాగించే ఏర్పాటు ఒక్కటీ చేసుకోలేదు మనం. ఒక్క మనిషి భుజాల మీద అంత భవనం నిలబెట్టి, ఆ మనిషి పోయాక కూలిందని ఏడ్చాం.

బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశాడు. అంతకు ముందటి ఏడాది హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచినప్పుడు, పాత రోజులు తిరిగొస్తున్నాయని నేను నిజంగానే నమ్మాను. కొద్దికాలానికే ఆటగాళ్ళకు జీతాలు అందలేదన్న వార్తలు మొదలయ్యాయి. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది.