ఊరు వదిలాకే ఇంటిపేరు

గురజాడ అప్పారావు 1862లో పుట్టింది ఎలమంచిలి దగ్గర రాయవరంలో, ఉద్యోగం చేసింది విజయనగరంలో. గురజాడ అనే ఊరేమో కృష్ణా జిల్లాలో ఉంది. ఆయన పూర్వీకులది ఆ ఊరు. అక్కడే ఉండిపోతే వాళ్లని గురజాడవాళ్లని ఎవరు పిలుస్తారు? ఊళ్లో అందరూ గురజాడవాళ్లే కదా! వేరేచోటికి వెళ్లి కొత్తవాళ్లయ్యాకే ఆ పేరు అతుక్కుంటుంది. ఊరిపేరుతో ఉన్న ఇంటిపేర్లు చాలావరకు ఇలా వలసల గుర్తులే.

శ్రీశ్రీది ఇంకో మెలిక. పుట్టింది పూడిపెద్ది వారింట్లో. దత్తత వెళ్లి శ్రీరంగం అయ్యాడు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకైతే పుట్టింటి ఊరి జాడే చెరిగిపోతుంది.

ఇంత కదిలే పేరుని పట్టుకుని, "మీ ఇంటిపేరేంటండీ?" అంటూ ఇవాళ మనం ఆరా తీసేది మాత్రం కులం.