మల్లాపూర్ పక్కన యురేనియం పొడి

హైదరాబాద్‌లో మల్లాపూర్, మౌలాలి ప్రాంతంలోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971లో ఏర్పడింది. చుట్టుపక్కలవాళ్లకు అది ఎన్‌ఎఫ్‌సీ. అక్కడ తయారయ్యే ఇంధనం లోహం కాదు, పింగాణీ జాతికి చెందిన యురేనియం డయాక్సైడ్. అది 2,800 డిగ్రీలు దాటితే గానీ కరగదు. వేడినీటి ధాటికి లోహంకన్నా బాగా తట్టుకుంటుంది.

రాజస్థాన్‌లోని తొలి రియాక్టరుకు మొదటి విడత ఇంధనంలో సగం కెనడా ఇచ్చింది, సగం ట్రాంబేలో చేశారు. 1974 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్ష జరిగాక కెనడా తప్పుకుంది. ఆ తర్వాత ఇలాంటి భారజల రియాక్టర్ల ఇంధన భారం హైదరాబాద్ మీద పడింది.

ముడిసరుకు జాదూగూడ గనుల నుంచి వచ్చేది. 2012 నుంచి కడప జిల్లా తుమ్మలపల్లె కూడా తోడైంది. దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ట్రైబ్యుటైల్ ఫాస్ఫేట్ ద్రావణంతో మలినాలు వదిలిస్తారు. న్యూట్రాన్లను మింగేసే బోరాన్ పది లక్షల్లో ఒక వంతు ఉన్నా ఆ సరుకు పనికిరాదు. తర్వాత అమోనియా కలిపితే పసుపుపచ్చని అవక్షేపం దిగుతుంది. దాన్ని కాల్చి, హైడ్రోజన్‌తో క్షయకరణం చేస్తే ముదురు గోధుమరంగు పొడి మిగులుతుంది.

అసలు పనితనమంతా ఈ పొడిలోనే ఉంది. రేణువులు మరీ సన్నమైతే గాలి తగలగానే అంటుకుంటాయి. ముతకైతే పొడిని అదిమి చేసే బిళ్ల గట్టిపడదు. అందుకే కొద్దికొద్దిగా గాలి చూపించి రేణువుల పైపొరను మాత్రమే ఆక్సీకరిస్తారు. గ్రాము పొడికి ఎన్ని చదరపు మీటర్ల ఉపరితలం ఉందో, ఒక్కో యురేనియం పరమాణువుకు ఆక్సిజన్ ఎంత ఉందో కొలుస్తారు. అవక్షేపం దించేటప్పుడు జరిగిన పొరపాటును తర్వాతి కొలిమి దిద్దలేదు.

కుమ్మరి ఆవంలో కుండ గట్టిపడినట్టే, అదిమిన బిళ్లలు హైడ్రోజన్‌లో 1,700 డిగ్రీల దగ్గర కుదించుకుని గట్టిపడతాయి. సాంద్రత సిద్ధాంతపరమైన గరిష్ఠంలో 96 శాతం దాకా చేరుతుంది. మిగిలిన కొద్ది రంధ్రాలు లోపం కావు, విచ్ఛిత్తిలో పుట్టే వాయువులకు చోటు.

బిళ్లలను నింపే జిర్కోనియం మిశ్రలోహ గొట్టాలూ ఇక్కడివే. జిర్కాన్ ఇసుక నుంచి హాఫ్నియం వేరుచేసి జిర్కోనియం ఆక్సైడ్ పొడి తీయడం మరో పెద్ద పని. 2009లో తమిళనాడులోని పళయకాయల్‌లోనూ జిర్కోనియం కర్మాగారం మొదలైంది. రియాక్టరులో ఇంధన కట్టలు ఇమిడే పీడన గొట్టాలను 400 డిగ్రీల ఆవిరిలో ఉంచుతారు. వాటి మీద నల్లని పలుచటి ఆక్సైడ్ పొర పుడుతుంది, అదే లోహాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది.